రెండో పేరు

బూటు లేసు కట్టుకోవడానికి రెండు చేతులు కావాలన్న సంగతి డెల్‌మార్ పెల్కీకి అరవై ఒకటో ఏట తెలిసింది. తెలియకపోయినా హాయిగా బతికేవాడే. కుడిచెయ్యి మెడకు కట్టిన పట్టీలో వేలాడుతోంది. ఎడమచేత్తో లాగితే ముడి పడదు. పళ్ళతో పట్టుకుందామని వంగితే పొట్ట అడ్డం. పావుగంట పెనుగులాడి, బూటు తీసి తలుపు మీదికి విసిరాడు. విసిరింది ఎడమచెయ్యే కాబట్టి గురి తప్పి బల్ల మీది కాఫీ కప్పుకు తగిలింది.

సరిగ్గా అప్పుడే రోడ్డుకవతలి ఇంట్లోంచి అక్క వెస్టా వచ్చింది. కప్పు పెంకుల్ని చూసింది, బూటును చూసింది.

"యుద్ధం ఎవరి మీదరా?"

"కట్టు" అంటూ కాలు చాపాడు.

"అడిగే పద్ధతి అదేనా?"

"కట్టవే తల్లీ, నీ కాళ్ళు పట్టుకుంటాను."

"నా కాళ్ళ సంగతి తరవాత. ముందు నీ కాలు తిన్నగా పెట్టి ఏడు."

వెస్టాకు అరవై అయిదు. ముప్ఫై ఏళ్ళు బడి బస్సు నడిపింది. అందుకని ఎవరితో మాట్లాడినా వెనక సీట్లో అల్లరి చేసే పిల్లవాడితో మాట్లాడినట్టే మాట్లాడుతుంది. డెల్‌మార్ భార్య పోయి ఆరేళ్ళయింది. ఈ వేసవి అతని బూట్లు, చొక్కా గుండీలు, మాంసం ముక్కలు కొయ్యడం అన్నీ అక్క చేతిలో పడ్డాయి. అదే అతనికి భుజం నొప్పికన్నా ఎక్కువ బాధగా ఉంది.

ఇదంతా చేపల గుడిసె పుణ్యం. చలికాలమంతా గడ్డకట్టిన సరస్సు మీద చెక్క గుడిసె పెట్టుకుని, మంచుకు కన్నం చేసి, లోపల పొయ్యి దగ్గర కూచుని చేపలు పట్టడం అమెరికాలో ఈ ఉత్తర మెయిన్ రాష్ట్రపు మగవాళ్ళందరి అలవాటే. మార్చి నెలాఖరులోగా గుడిసెను ఒడ్డుకు లాగెయ్యాలి. తెలివైనవాళ్ళు రెండు వారాల ముందే లాగేస్తారు. డెల్‌మార్ ఏ ఏడూ ఆఖరి రోజు దాకా కదలడు. ఈ ఏడు గుడిసె అడుగు మంచులో కరుచుకుపోయింది. గునపంతో పెకలిస్తుంటే ఒక్కసారిగా ఊడొచ్చింది, తాను కుడిచేతి మీద పడ్డాడు. భుజంలో ఎముకను పట్టి ఉంచే కండరాల కొసలు రెండు తెగాయి. ఏప్రిల్లో కోసి కుట్టారు.

పోనీ అంతటితో ఊరుకుందా అదృష్టం? జూన్‌లో మూస్ లాటరీ తీశారు. గుర్రానికన్నా ఎత్తైన ఆ దుప్పిని వేటాడాలంటే పర్మిట్ కావాలి, పర్మిట్ లాటరీలో తగలాలి. డెల్‌మార్ ఇరవై ఏడేళ్ళుగా దరఖాస్తు పెడుతున్నాడు. ఇరవై ఆరేళ్ళు రెండు చేతులూ బాగున్నప్పుడు తగలనిది, ఈ ఏడు తగిలింది. కబురు విని ఊరంతా అభినందించింది. అతను వాకిట్లోకి వెళ్ళి, పైకి చూసి, దేవుణ్ణి నోటికొచ్చినట్టు తిట్టాడు.

వేట అక్టోబరులో, ఆరు రోజులు. డాక్టరు అడ్డంగా తలూపాడు. "తుపాకీ వెనక్కి తన్నిందంటే కుట్లు ఊడతాయి. ఈ ఏడు కుదరదు. వచ్చే ఏడు చూసుకోండి."

"వచ్చే ఏడు మీ తాత ఇస్తాడా పర్మిట్?" అన్నాడు డెల్‌మార్. డాక్టరు నవ్వాడుగానీ అతను నవ్వించడానికి అనలేదు. ఈ పర్మిట్ పోతే మళ్ళీ తగిలేసరికి తను ఉంటాడో ఉండడో.

ఆ పర్మిట్ కాగితం మీద రెండు పేర్లుంటాయి. మొదటిది తగిలినవాడిది. రెండోది అతను ఎంచుకున్న తోడు మనిషిది. ఇద్దరిలో ఎవరు కొట్టినా చెల్లుతుంది, కొట్టేది మాత్రం ఒక్క మూస్‌నే. ఇరవై ఏడేళ్ళుగా రెండో గడిలో డెల్‌మార్ వెస్టా పేరే రాస్తున్నాడు. ఆమెతో ఎన్నడూ అనలేదు. కాగితం వచ్చాక చూసి ఆమె కళ్ళద్దాలు పైకి తోసుకుంది.

"నా పేరెందుకురా?"

"ఎవరిదో ఒకరిది రాయాలిగా."

"ఇరవై ఏడేళ్ళూనా?"

"పెన్ను అలవాటు పడిపోయింది. వదిలెయ్."

ఎందుకు రాశాడో అతనికి బాగా తెలుసు. చెబితే తుపాకీ సంగతి ఎత్తాల్సి వస్తుంది. వంటింటి గోడకు ఎత్తున రెండు చెక్క కొయ్యల మీద ఉన్న ఆ తుపాకీ నాన్నది. డెల్‌మార్‌కు పన్నెండేళ్ళు నిండిన రోజున నాన్న దాన్ని వాడి చేతిలో పెట్టాడు. అప్పటికి వెస్టాకు పదహారు. అదే తుపాకీతో రెండు జింకల్ని కొట్టి ఉంది. వీడింకా దేన్నీ కొట్టలేదు. ఆడపిల్లకు తుపాకీ ఇవ్వడమనేది నాన్నకు తోచనే లేదు. వెస్టా ఆ రోజు ఏమీ అనలేదు, తరవాతా అనలేదు. అప్పట్నుంచీ ఆమె అరువు తుపాకీలతోనే వేటాడింది.

వ్యాయామం చేయించే జోడీ అనే అమ్మాయి ఆ కొయ్యల కిందే గోడ మీద పెన్సిలు గీత గీసింది. కుడిచేతి వేళ్ళను సాలీడులా గోడ మీద పాకించాలి, ఎంత ఎత్తు అందితే అక్కడ గీత గీసి తేదీ వెయ్యాలి. మొదటి గీత నడుం దగ్గర పడింది. పది రోజులు పళ్ళు బిగించి పాకిస్తే వేలెడు పెరిగింది.

"బాగా చేస్తున్నారు మిస్టర్ పెల్కీ!"

"బాగా చెయ్యడమా? నా చెయ్యి మూతి దాకా రావడం లేదమ్మాయ్. కుక్కలా పళ్ళెంలో మూతి పెట్టి తింటున్నాను."

జులైలో ఒక పొద్దున ఎవరికీ చెప్పకుండా వాగు దగ్గరికి పోయి ఎడమచేత్తో గాలం విసిరాడు. మొదటిసారి చెట్టుకొమ్మకు పట్టింది. రెండోసారి సొంత టోపీకి. మూడోసారి చెవికి. నెత్తురోడుతూ ఇంటికొస్తే వెస్టా కటింగు ప్లేయరుతో ముల్లు మొన విరిచి తీసింది.

"ఇవాళ్టికి నువ్వు పట్టిన చేప నువ్వేనన్నమాట" అంది.

అతనికి ఒళ్ళు మండిపోయింది. సాయంత్రం అదే వాగులోంచి ఆమె అయిదు ట్రౌట్ చేపలు తెచ్చి వేయించిపెడితే ఇంకా మండింది. అయినా మూడు తిన్నాడు.

ఆగస్టులో అతనికి ఒక ఆలోచన వచ్చింది. కుడి భుజం కాకపోతే ఎడమ భుజం లేదా? ఊరవతల పాడుపడిన కంకర గుంట దగ్గరికి తుపాకీ పట్టుకుపోయాడు. కొయ్యల మీంచి దాన్ని దించడానికే కుర్చీ ఎక్కాల్సివచ్చింది. పది తూటాలు పేలిస్తే, గురికి పెట్టిన డబ్బాకు ఏడు తగలనే లేదు. పుట్టిందగ్గర్నుంచీ కుడికన్ను గురి చూసింది, ఇప్పుడు ఎడమకన్ను ఎక్కడ వింటుంది? పదో తూటాకు తుపాకీ వెనక్కి తన్ని, పైనున్న గురిచూసే స్కోపు గొట్టం అంచు కనుబొమను చీల్చింది.

మర్నాడు వెస్టా ఆ గాయాన్ని చూసింది.

"తలుపు తగిలింది" అన్నాడు అతను.

"ఏ తలుపురా అర్ధచంద్రంలా కోసేది?" దగ్గరికొచ్చి గడ్డం పట్టుకుని మొహం తిప్పింది. "పైగా ఎడమ కనుబొమ. ఎడమచేతి వాటం ఎప్పట్నుంచి వచ్చింది నీకు?"

దొరికిపోయాడు. దొరికిపోయినవాడు అరుస్తాడు కాబట్టి అరిచాడు. "అవును, కొడతాను! ఎడమ భుజంతో కాకపోతే తలతో కొడతాను! ఇరవై ఏడేళ్ళు కాచుకుని, నా మూస్‌ను నువ్వు కొడుతుంటే పక్కన కూచుని చప్పట్లు కొట్టమంటావా?"

"నేను కొడతానన్నానా?"

"అనలేదు. అనవు. నువ్వెప్పుడూ ఏమీ అనవు! అదే కదా నీతో వచ్చిన చావు!"

వెస్టా గాయానికి మందు రాసింది. మందు కావాలనే కాస్త గట్టిగా అద్దిందని అతనికి అనిపించింది.

అక్టోబరు వారం వచ్చింది. సోమవారం నుంచి శుక్రవారం దాకా చెట్లు కొట్టేసిన మైదానాల అంచున చలికి కొయ్యబారడమే తప్ప తోక కూడా కనబడలేదు. శుక్రవారం రాత్రి డెల్‌మార్ గోడ మీద వేళ్ళు పాకించాడు. మధ్యవేలు కొయ్య అంచును తాకింది. అక్కడ గీత గీసి, నమ్మకం కుదరక పక్కన తేదీ రెండుసార్లు వేశాడు. మరో వారానికి పనికొచ్చే సంగతే గానీ రేపటికి ఏం లాభం? పెన్సిలును విరిచి పారేశాడు.

శనివారం ఆఖరి రోజు. తెల్లవారేసరికి ఇద్దరూ ఒక చిత్తడి మడుగు ఒడ్డున కూచున్నారు. తెచ్చింది ఒకే తుపాకీ. అది డెల్‌మార్ ఒళ్ళో ఉంది. బెరడు చుట్టి చేసిన బాకాను నోటికానించి, ఆడ మూస్ మగదాని కోసం పిలిచే మూలుగు తీశాడు. పిలవడంలో అతన్ని మించినవాడు చుట్టుపక్కల లేడు. ఆ పనికి భుజంతో అవసరం లేదు కూడా.

"ఇప్పుడు నీళ్ళు పొయ్యి" అన్నాడు.

వెస్టా డబ్బాలోని నీళ్ళను ఎత్తు నుంచి మడుగులోకి ధారగా వదిలింది. "అరవై అయిదేళ్ళొచ్చాయి. ఆడ మూస్ ఉచ్చ పోసుకున్నట్టు నీళ్ళు పొయ్యడం ఒక్కటీ మిగిలింది నాకు."

"సన్నగా పొయ్యవే. అది ఏనుగు కాదు."

అవతల పొదల్లో కొమ్మ విరిగింది. తరవాత గొంతులోంచి తన్నుకొచ్చిన గుర్రుమనే చప్పుడు. మగది. తలూపుకుంటూ, పొదలు తొక్కుకుంటూ వచ్చి మడుగు అవతలి ఒడ్డున పక్కకు తిరిగి నిలబడింది. నలభై గజాలు కూడా లేదు. కొమ్ముల నుంచి నాచు వేలాడుతోంది. డెల్‌మార్ జీవితంలో అంత పెద్దదాన్ని చూడలేదు.

తుపాకీని ఎడమ భుజానికెత్తాడు. ముందు భాగాన్ని కుడిచెయ్యి మొయ్యాలి. మోసింది, వణుకుతూ మోసింది. స్కోపులోని గీతలు మూస్ గుండె మీది నుంచి పొట్ట మీదికి జారాయి. మళ్ళీ గుండె, మళ్ళీ పొట్ట. ఊపిరి బిగబట్టాడు. నిలబడలేదు. పొట్టలో తగిలిన జంతువు ఎలా చస్తుందో అతనికి తెలుసు. రెండు రోజులు అడవిలో ఈడ్చుకుంటూ చస్తుంది. అలా కొట్టినవాళ్ళను ఊళ్ళో మొహం మీదే కసాయివాళ్ళని తిట్టినవాడు తను. పేలిస్తే తగలొచ్చు. తగలొచ్చు అనే మాట మీద వేలు నొక్కడం అతనికి చేతకాలేదు.

కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి దుఃఖం కాదు, పచ్చి కోపం. భుజం మీద, గుడిసె మీద, లాటరీ మీద కోపం.

"తీసుకో" అని పళ్ళ సందుల్లోంచి గొణిగాడు.

"నీదిరా."

"తీసుకోవే అక్కా. పోతుంది."

వెస్టా తీసుకుంది. భుజానికి ఆనిన క్షణమే పేల్చింది. మూస్ రెండడుగులు వేసి, మోకాళ్ళ మీద కూలి, పక్కకు ఒరిగింది. ఇంక కదలలేదు. డెల్‌మార్ లేచి, ఎదురుగా ఉన్న మోడును బలం కొద్దీ తన్నాడు. బొటనవేలు చితికినంత పనయింది. వెస్టా తుపాకీని ఛాతీకి అదుముకుని అలాగే కూచుంది. 

పొరుగువాళ్ళు ట్రాక్టరు తెచ్చి దాన్ని లాగి ట్రక్కుకెక్కించేసరికి మధ్యాహ్నమైంది. చంపినదాన్ని కూడలిలోని ఎల్‌వుడ్ కొట్టుకు తీసుకెళ్ళి తూకం వేయించి నమోదు చేయించాలి. వారమంతా అక్కడ జనం గుమిగూడతారు. గోడకున్న నల్లబల్ల మీద కొట్టినవాళ్ళ పేరు, బరువు రాస్తారు. ఏడు వందల ఎనభై పౌండ్లు, అంటే మూడున్నర క్వింటాళ్ళు తూగింది. జనం ఈలలేశారు. ఎవరో డెల్‌మార్ వీపు చరిచారు, అదీ కుడి పక్క. నొప్పితో కళ్ళు బైర్లు కమ్మాయి.

ఎల్‌వుడ్ అడగనైనా అడగకుండా సుద్దముక్కతో డెల్‌మార్ పెల్కీ అని రాసేశాడు. "ఒంటి చేత్తో ఎలా కొట్టావయ్యా ముసలోడా?"

"ఎలాగో కొట్టాడులే" అంది వెస్టా, ట్రక్కు తాడు విప్పుతూ. "రాసుకో."

డెల్‌మార్ ఆ పేరు వంక చూశాడు. అక్షరాలు పెద్దవిగా, తెల్లగా ఉన్నాయి. ఇరవై ఏడేళ్ళుగా కలలో చూసుకున్న బల్ల అది. నోరు మూసుకుంటే చాలు, ఆ పేరు చలికాలమంతా అక్కడే ఉంటుంది. అక్క ఎవరికీ చెప్పదు. ఆమె చెప్పదని అతనికి పన్నెండేళ్ళప్పుడే తెలుసు.

"చెరుపు" అన్నాడు.

"ఏంటీ?"

"చెవుడా నీకు? చెరిపెయ్యమన్నాను. కొట్టింది అక్క. ఒక్క తూటా, గుండెలో. నేను ఊళపెట్టాను, అంతే."

ఎల్‌వుడ్ వెస్టాను చూశాడు. ఆమె తాడు వదిలేసి నిలబడిపోయింది. పేరు మార్చి రాశాక, ఆమె కళ్ళద్దాలు పైకి తోసుకుని కాగితం మీద సంతకం పెట్టింది. 

 ఇంటికొచ్చాక వెస్టా తుపాకీని శుభ్రం చేసి, నూనె గుడ్డతో తుడిచి, వంటింట్లో అతనికి అందించింది. డెల్‌మార్ దాన్ని తీసుకుని గోడ దాకా వెళ్ళాడు. కొయ్యల వైపు చెయ్యి సగం ఎత్తి దించేశాడు.

"అందట్లేదు. మీ ఇంట్లో పెట్టుకో."

"భుజం బాగయ్యే దాకానా?"

"మధ్యలో భుజం గోల ఎందుకు? పెట్టుకో అన్నానా లేదా? ఒక్క మాటకు వంద ప్రశ్నలు!"

వెస్టా గోడ వంక చూసింది. కొయ్య పక్కన పెన్సిలు గీత, రెండుసార్లు వేసిన నిన్నటి తేదీ ఉన్నాయి. ఆమె దాన్ని వేలితో తడిమింది. తరవాత తుపాకీ అందుకుని, భుజాన వేసుకుని, రోడ్డు దాటి ఇంటికి పోయింది.

డెల్‌మార్ కుర్చీలో కూలబడ్డాడు. బూట్లు విప్పించుకోవడం మరచిపోయాడు. ఇప్పుడు ఆమెను మళ్ళీ పిలవలేడు. ముడి విప్పుతూ ఎడమచేత్తో అరగంట తంటాలు పడ్డాడు, పడినంతసేపూ తిడుతూనే ఉన్నాడు.