ఆఫ్రికా అక్రోట్, గ్లాసుడు నీళ్లు

విదేశంలో, స్వోర్డ్స్ ఊళ్లో తెలుగువాళ్లు ఆదివారం భోజనాలకు కలిసే హాల్లో పాండురంగ అమ్మకానికి బల్ల వేసుకోవడం కామేశ్వరరావుకు మొదటినుంచీ గిట్టలేదు. ఆయన లెపర్డ్స్‌టౌన్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, పైగా సంఘానికి అధ్యక్షుడు. పాండురంగది వీధి చివర కిరాణా కొట్టు. ఈ హాల్లో పేరు నిలిస్తే కొట్టుకు మనుషులొస్తారు, చెడితే షట్టరు దించుకోవడమే. పాండురంగకు ఆ రోజు ఇంతకన్నా పెద్ద లెక్క లేదు.

"ఏవిటయ్యా ఇవి, మట్టి ఉండలా?" అన్నాడు కామేశ్వరరావు, బల్ల మీది గిన్నెలోకి చూసి.

"ఆఫ్రికా అక్రోట్లన్నా. నైజీరియాల తీగెకు కాస్తయి. ఉడకబెట్టి, పెంకు తీసి తినుడే. మాంసం ముట్టనోళ్లకు మంచి ప్రొటీను. అవిసె గింజలల్ల ఉంటదే, ఆ నూనె దీంట్ల మస్తుంటది. వాళ్లు మక్కకంకులతోటి తింటరు, పిండి జేసి కూరల్ల గూడ ఏస్తరు."

"మా పిల్లలకి అడవి కాయలు పెట్టే ఖర్మేం పట్టలేదు."

"ఆఫీసుల డబ్బాల వెట్టుకొని తింటవు గద బాదం, అది ఎవలింట్ల సోఫా మీద కాసిందన్నా?"

వరసలో ఉన్నవాళ్లంతా నవ్వారు. ఇక తినకపోతే ఓడిపోయినట్టేనని కామేశ్వరరావు రెండు గింజలు నోట్లో వేసుకుని కసిగా నమిలాడు. వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు. అందరూ తలా ఒకటి తీసుకున్నారు. ఆయన భార్య కమల అలవాటుగా నీళ్ల గ్లాసు అందించింది, ఆయన గటగటా తాగాడు. నోట్లో ఏది పడ్డా వెనకే గుక్కెడు నీళ్లు పోసే జనం. నీళ్ల బల్ల చూస్తే పక్కనే ఉంది.

ఈ కాయలు తెచ్చిచ్చే నైజీరియా మనిషి లాజరస్ పొద్దున బస్తా దించుతూ చెప్పనే చెప్పాడు: తిన్నవెంటనే నీళ్లు తాగితే నోరు చేదెక్కుతుంది, హాని లేదు, దానంతటదే పోతుంది. పాండురంగ లెక్క వేసుకున్నాడు. వద్దు అనే మాట తగిలించిన సరుకును ఎవరూ ముట్టరు. నోరు మూసుకోవడమే లాభం. తనవాళ్ల నీళ్ల అలవాటు మాత్రం ఆ లెక్కలోకి రాలేదు.

"థూ! విషం!" కామేశ్వరరావు టిష్యూలో ఉమ్మాడు. "ఎవరూ తినకండి! పోలీసులకి, గార్డ్స్‌కి ఫోన్ చేస్తాను!"

తల్లులు పిల్లల నోళ్లలో వేళ్లు పెట్టారు. ఆయన కూతురు ఆశ్రిత, "ఇట్స్ గ్రాండ్, డాడ్. జస్ట్ బిట్టర్," అని తేలిగ్గా తీసేసింది.

"నువ్వు నోరు కడుక్కో ముందు!"

అప్పుడే లాజరస్ ఇంకో పెట్టె మోసుకుంటూ వెనక తలుపులోంచి వచ్చాడు. కామేశ్వరరావు వేలు అటు తిరిగింది.

"వీడేనా నీకంటగట్టింది? వీడు మోసం చేశాడని ఒక్క మాట చెప్పు పాండురంగా, మన సంఘం ఫోను గ్రూపులో నీ పేరు రాయను."

లాజరస్‌కు తెలుగు రాదు. వేలు అర్థమైంది. పెట్టె దించకుండా అలాగే నిలబడ్డాడు.

అవునంటే ఇవాళ్టికి కొట్టు నిలుస్తుంది. రేపట్నుంచి లాజరస్ సరుకు ఉండదు, అతని వెంట వచ్చే నైజీరియా వాళ్ల గిరాకీ ఉండదు. ఏం అమ్ముతున్నాడో తెలియని షావుకారు దగ్గరికి వీళ్లు మాత్రం వస్తారా? ఎటు కూడినా నష్టమే. అందులో అబద్ధం లేని నష్టాన్ని పాండురంగ ఏరుకున్నాడు.

"ఆయన చెప్పిండు. తిన్నంక జరసేపు నీళ్లు తాగొద్దన్నడు. నేనే దాచిన. చెప్తే మీరు ముట్టరని."

నెల నెలా సరుకులన్నీ అతని దగ్గరే కొనే సరోజిని ముందుకొచ్చింది.

"అయితే నీ బియ్యం సంచీ గురించి ఏం దాచావు?"

ఈలోగా కామేశ్వరరావు గ్రూపులో రాసేశాడు. హాలంతా జేబుల్లో ఫోన్లు బుర్రుమన్నాయి. కొందరు తింటున్నవి బల్ల మీదే పడేసి పోయారు.

సరోజిని పోలేదు. ఒక కాయ పెంకు ఒలిచి, నోట్లో వేసుకుని, చేతిలోని నీళ్ల గ్లాసును దూరంగా జరిపింది.

"ఎంతసేపాగాలి? ఈసారన్నా సరిగ్గా చెప్పు."

"నాకు ఎరుక లేదమ్మా," అన్నాడు పాండురంగ. లాజరస్ చేతిలో పెట్టె అందుకుని, ఆ లెక్క చెప్పమని అతన్నే బల్ల ముందుకు రమ్మన్నాడు.