మొదట లేచిన చెయ్యి

నాకెందుకులే అనుకోవడం ఎవాంజెలిన్‌కు చిన్నప్పటి నుంచీ రాలేదు. ఏడేళ్లప్పుడు ఎండ్రకాయ బొరియలో వేలు పెట్టి కరిపించుకుంది. ఏడుపు తగ్గగానే, ఏ డెక్కతో కరిచిందో చూద్దామని మళ్లీ అక్కడికే పోయింది. అలాంటి మనిషి నిర్మలనగరంలో కాపురం పెట్టింది.

బోగోలు దాటి సముద్రం వైపు పోతే సరుగుడు తోటల వెనక ఉంటుంది ఆ కాలనీ. కట్టించింది రంగనాయకులు గారు, రైల్వేలో ఆఫీసరుగా చేసి రిటైరైన మనిషి. మడికి నీళ్లు మళ్లించే దగ్గర మొదలైన తగాదాలో ఆయన తమ్ముడు గడ్డపార దెబ్బకు పోయాడు. ఆ తర్వాత ఆయన సొంత ఊళ్లో కాలు పెట్టలేదు. మనిషి మీద మనిషి గొంతెత్తని చోటు ఒక్కటైనా ఉండాలని, ఉన్నదంతా ఊడ్చి ఇక్కడ నేల కొని ఇళ్లు కట్టించారు. తగాదాలతో విసిగిపోయిన వాళ్లను వెతికి వెతికి పిలిచారు.

ఎవాంజెలిన్ కావలిలో సైన్సు టీచరు. భర్త గిద్యోనుకు బిట్రగుంట రైల్వేలో ఉద్యోగం. కావలిలో వాళ్లు అద్దెకున్న వీధిలో కుళాయి దగ్గర తెల్లారకముందే యుద్ధం మొదలయ్యేది. ఇక్కడికి వచ్చిన మొదటి వారం ఇద్దరూ హాయిగా నిద్రపోయారు. గోడలన్నీ లేత నీలం. తలుపులన్నీ ఒకే కొలత. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఎవరి ఇంట్లోనూ కుక్కరు కూడా కూత పెట్టదు.

శనివారం సాయంత్రం హాల్లో అందరూ కూడుతారు. రంగనాయకులు గారు ఒక ప్రతిపాదన చదివి, సమ్మతమైతే చేతులెత్తమంటారు. అన్ని చేతులూ లేస్తాయి. ఒక్కటి కూడా తగ్గగా ఎవాంజెలిన్ చూడలేదు. అదే ఆమెను నిద్రపోనివ్వలేదు. ఇంతమందిలో ముందు ఎత్తుతున్నది ఎవరు?

మొదట వెనక వరసలో కూర్చుని చూసింది. వెనకవాళ్లు ముందు వరసను చూసి ఎత్తుతున్నారు. మరో వారం ముందు వరసలోకి పోయి కూర్చుంది. ముందువాళ్లు ఓరకంట పక్కవాళ్లను చూసుకుని, తర్వాత రంగనాయకులు గారి ముఖం చూస్తున్నారు. ఆయన వీళ్ల ముఖాలు చూస్తున్నారు. అంతలోనే చేతులు లేచిపోతున్నాయి.

"ఎవరూ ముందు ఎత్తడం లేదండీ. అన్నీ ఒక్కసారే లేస్తున్నాయి" అంది భర్తతో.

"లేస్తే లేచినాయిలే. బిందెలతో కొట్టుకునేదానికంటే మేలు గదా" అన్నాడు గిద్యోను.

అదీ నిజమే. కాదనలేకపోయింది. అయినా ఆలోచన ఆగలేదు.

ఆ కాలనీలో గొంతెత్తే మనిషి ఒక్కతే, చెంచమ్మ. కావలిలో సెల్‌ఫోన్ల కొట్టు నడిపే పెంచలప్రసాద్ తల్లి. రోజూ తెల్లారగానే ఒడ్డుకు పోయి, నడుం మీద చేతులు పెట్టుకుని సముద్రాన్ని తిట్టేది. ఒకరోజు ఎవాంజెలిన్ వినడానికే పోయింది.

"ఎంతమందిని మింగితే నిండుతుందే నీ కడుపు? సిగ్గు లేకుండా మళ్లీ కాళ్లకాడికి వస్తుండావే" అంటోంది ముసలామె.

ముసలామె ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు ఎవాంజెలిన్ అడిగింది. "రోజూ తిడతావెందుకవ్వా? దానికేమన్నా వినపడుతుందా?"

"దానికి వినపడితే ఎంత, వినపడకపోతే ఎంత. మా ఆయన దాంట్లోనే ఉండాడు గదా. వేటకు పొయ్యి మళ్లీ రాలా. ఇంట్లో ఉన్నెప్పుడు ఆయన్ను తిట్టకుండా నాకు పొద్దు పొయ్యేది కాదు. ఇప్పుడు గమ్మునుంటే, చెంచి కూడా పొయ్యిందనుకుంటాడమ్మే." అలా చెప్పి, కొంగుతో మూతి తుడుచుకుని, మళ్లీ సముద్రం వైపు తిరిగింది.

ఆ శనివారమే రంగనాయకులు గారు కాగితం తీసి మెల్లగా చదివారు. తెల్లవారుజామున ఒడ్డున కేకల వల్ల కాలనీ ప్రశాంతతకు భంగం కలుగుతోందనీ, చెంచమ్మ గారు నెల్లూరులో కూతురి దగ్గర ఉండడం అందరికీ మేలనీ అందులో ఉంది. గొంతు తగ్గించి కూర్చోవడం తన వల్ల కాదని చెంచమ్మ సభలకు వచ్చేది కాదు. కొడుకు మాత్రం మూడో వరసలో ఉన్నాడు.

"సమ్మతమైతే చేతులెత్తండి."

చేతులు లేచాయి. గిద్యోనుదీ లేచింది. పెంచలప్రసాద్ తల వంచుకునే ఎత్తాడు. ఎవాంజెలిన్ చెయ్యి ఒళ్లోనే ఉండిపోయింది. ఎత్తకూడదని ఆమె ఇంటి నుంచి అనుకుని రాలేదు. లేవని చేతిని చూసి ఆమే ఆశ్చర్యపోయింది.

హాలంతా ఆమె వైపు తిరిగింది.

"ఏమ్మా, చేతికేమన్నా నొప్పా?" అని అడిగారు రంగనాయకులు గారు. వెటకారం కాదు, నిజంగానే అడిగారు. ఇంకో కారణం ఉంటుందని ఆయనకు తోచలేదు.

ఆమె లేచి నిలబడింది. "నొప్పి లేదు సార్. ఒక సందేహం. మనలో ముందు చెయ్యెత్తేది ఎవరో నాకింతవరకూ అంతుబట్టలేదు. ఒక్కసారి అందరం కళ్లు మూసుకుని ఎత్తుదాం. మీరొక్కరే కళ్లు తెరిచి చూడండి."

"దాని వల్ల ఏం తెలుస్తుంది?"

"నాకూ తెలీదు సార్. అందుకే అడుగుతున్నా."

గిద్యోను కిందికి చూస్తూ కూర్చోమన్నట్టు ఆమె చీరకొంగు లాగాడు. ఆమె కూర్చోలేదు. అడగకూడదన్న నియమమేదీ లేదు. అలాంటి నియమం పెట్టే అవసరం ఇంతవరకూ పడలేదు మరి. రంగనాయకులు గారు సరేనన్నారు.

అందరూ కళ్లు మూసుకున్నారు. ఎవాంజెలిన్ కూడా గట్టిగా మూసుకుంది. దొంగచూపు చూడాలన్న ఆశను బలవంతాన అణుచుకుంది. ఫ్యాను చప్పుడు, తోట అవతల అలల హోరు. ఎక్కడో ఒక కుర్చీ కిర్రుమంది. 'ఎత్తండి' అన్న మాట తర్వాత చాలాసేపు ఆయన గొంతు వినపడలేదు.

"దించండి. కళ్లు తెరవండి."

మెట్టు ఉందనుకుని అడుగేసి తూలిన మనిషిలా ఉన్నారాయన. "ఈ సంగతి ఇంతటితో వదిలేద్దాం" అని కాగితం మడిచి, చెప్పులు వేసుకుని వెళ్లిపోయారు.

మరునాడు ఎవాంజెలిన్, గిద్యోను చర్చి నుంచి వచ్చేసరికి ఆయన వాళ్లింటి మెట్ల మీద కూర్చుని ఉన్నారు.

"ఒక్క చెయ్యే లేచిందమ్మా."

"ఎవరిది సార్?" అనేసింది, ఆపుకోలేక.

"అది చెప్పను." అని తల అడ్డంగా ఊపారు. "ఆ కాగితం రాసింది నేనే. ఆ ముసలామె వల్ల నాకేం ఇబ్బంది లేదు. మీ అందరికీ ఉందేమోనని రాసినా. మీరేమో నాకుందనుకున్నారు. మా తమ్ముడు ఉంటే నవ్వేవాడు. వాడు ప్రతిదానికీ అడ్డం చెప్పేవాడులే."

టీ ఇస్తే తాగారు. పోతూ పోతూ, గోడల రంగు సంగతి కూడా ఇట్టాగే జరిగి ఉంటుందా అని అడిగారు. తెలీదంది ఎవాంజెలిన్. అడిగి చూడొచ్చు కదా అంది.

అడిగారు. ఎవరిదని చెప్పకుండా, ఒక్క చెయ్యే లేచిందని సభలో చెప్పారు. ఆ తర్వాతి శనివారాల్లో పాత నియమాలన్నీ ఒక్కొక్కటే, కళ్లు మూయించి అడిగారు. గోడలన్నీ నీలమే ఉండాలన్న నియమం ఓడిపోయింది. మధ్యాహ్నపు నిశ్శబ్దం మాత్రం దాదాపు అందరి చేతులతో నిలిచింది. అందుకు ఎవాంజెలినే ఎక్కువ ఆశ్చర్యపోయింది.

అంతా సవ్యంగా జరిగిందని చెప్పలేం. క్రీస్తురాజు అనే ఆయన తన ఇంటికి పసుపు రంగు వేయించాడు. పక్కింటి కామాక్షికి అది కళ్లల్లో పొడిచినట్టయింది. ఇద్దరూ గేటు దగ్గర గొంతులు పెంచుకున్నారు. జనం బయటికొచ్చి వింతగా చూశారు. రెండు కుటుంబాలు, మేం వచ్చింది ఇందుకు కాదని, సామాను సర్దుకుని వెళ్లిపోయాయి. రంగనాయకులు గారు రోడ్డు దాకా పోయి వాళ్లను సాగనంపారు. వాళ్ల లారీ కనుమరుగయ్యేదాకా అక్కడే నిలబడి ఉండడం చూసి, తాను తప్పు చేశానా అని ఎవాంజెలిన్ చాలా రోజులు మథనపడింది.

ఒక ఉదయం రోడ్డు మీద ఆటో కోసం నిలబడి ఉంటే పెంచలప్రసాద్ పక్కకొచ్చాడు.

"అక్కా, ఆ పొద్దు లేచిన చెయ్యి నాదే."

ఎవాంజెలిన్ సంచి కింద పెట్టి అతని వైపు తిరిగింది.

"ఎవరూ కనపడటం లేదు గదా. అందరివీ లేసే ఉంటాయనుకున్నా. నాదొక్కటే లేవకపోతే, తల్లిని వెనకేసుకొస్తుండాడు అనుకుంటాడు పెద్దాయన అని ఎత్తేసినా. దించమనేదాకా దించలా. కళ్లు తెరిచేదాకా, ఆయన నా వైపే చూస్తుండాడని కూడా తెలీదు." కొట్టు తాళాలు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. "తర్వాత ఆయన ఒక్క మాట అనలేదక్కా. అంటే బాగుండును."

"అమ్మకు చెప్పావా?"

"చెప్పినా. నన్ను తిట్టింది. సముద్రాన్ని తిట్టినదానికంటే ఎక్కువే తిట్టింది. తర్వాత అన్నం పెట్టింది."

ఎవాంజెలిన్‌కు నవ్వొచ్చింది. అతనూ కాస్త నవ్వాడు.

"ఇప్పుడడిగితే ఎత్తుతావా, ఎత్తవా?"

అతను తోట వైపు చూశాడు. ఒడ్డు నుంచి ముసలామె గొంతు గాలికి తేలి తేలి వస్తోంది.

"తెల్లారేసరికి లేపేస్తాది గదక్కా. నిద్ర చాలదు. ఒక్కోరోజు నెల్లూరికి పంపిస్తే బాగుండు అనిపిస్తాది. ఒక్కోరోజు ఆ గొంతు వినపడకపోతే గుండె ఝల్లుమంటాది. ఏమో. నిజంగా తెలీదు."

ఆటో వచ్చింది. ముందు సీటు ఒక్కటే ఖాళీ. అతను ఆమెను ఎక్కమన్నాడు, తాను తర్వాతిదాంట్లో వస్తానన్నాడు. ఆమె డ్రైవరును కాస్త జరగమని, ఇద్దరికీ చోటు చేయించింది.