గొడుగు మర్చిపోయిన చోట కుడివైపు

మా అన్నయ్య సర్వే ఆఫీసులో పటాలు గీస్తాడు. ఊళ్లో ఏ సందు ఎన్ని అడుగుల వెడల్పో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. తన కళ్లజోడు ఎక్కడుందో మాత్రం వదినే చెప్పాలి.

ఆ వదిన అలిగి వాళ్ల పిన్ని ఇంటికి వెళ్లి తొమ్మిది రోజులైంది. "మా ఆవిడకి ఉత్తరమేదో దక్షిణమేదో తెలీదు. కుక్క పడుకునే చోట తిరగమని దారి చెబుతుంది" అని అన్నయ్య ఆఫీసువాళ్ల ముందు అందర్నీ నవ్వించాడట. నవ్వినవాళ్లు నవ్వి ఎవరిళ్లకు వాళ్లు వెళ్లారు. వదిన కూడా వెళ్లింది, కాకపోతే పిన్ని ఇంటికి.

పిన్ని ఈమధ్యే ఇల్లు మారింది. అదెక్కడో మాకు తెలీదు. ఆదివారం మధ్యాహ్నం వదిన నుంచి ఒక కాగితం వచ్చింది.

"మనం గొడుగు మర్చిపోయిన చోట కుడివైపు తిరగండి. మీరు జారిపడితే నేను నవ్విన మెట్లెక్కండి. నేను ఏడ్చిన చోట ఎడమవైపు సందులో మూడో ఇల్లు. ఎవర్నీ అడక్కూడదు. ఐదింటిలోగా వస్తే మీతో వచ్చేస్తాను. లేకపోతే రేపు నా కుట్టుమిషను పంపించేయండి, ఇక్కడే దుకాణం పెట్టుకుంటాను."

"ఇదేం చిరునామా! స్కేలు లేదు, దిక్కు లేదు" అన్నాడు అన్నయ్య.

"ఇప్పుడు దిక్కు లేనిది నీకేలే. పద" అన్నాను. ఈ తమాషా చూడకుండా ఇంట్లో ఎలా కూర్చుంటాను?

గొడుగు సంగతి తొందరగానే తేలింది. అన్నయ్య చెప్పులు కుట్టే ఆయన దుకాణం ముందు ఆగి, "వాన వెలిసిందని ఇక్కడే వదిలేశాం" అన్నాడు. లైబ్రరీ పక్క మెట్ల సంగతి అన్నయ్య మోకాలికే గుర్తుంది. ఎక్కుతూ దాన్ని తడుముకున్నాడు.

మెట్ల పైన పొడవాటి వీధి. ఎడమవైపు నాలుగు సందులు.

"మీ వదిన ఏడవడం నేనెప్పుడూ చూడలేదే" అన్నాడు.

"ఏడవలేదా, నువ్వు చూడలేదా?"

అన్నయ్య మొదటి సందులోకి పది అడుగులు వేసి వెనక్కి వచ్చాడు. నాలుగో సందు మొదట్లో నిలబడి తల గోక్కున్నాడు. ఆఖరికి వెనక్కి వచ్చి, రెండో సందు పక్కనే రక్తపరీక్షలు చేసే ల్యాబు ముందు రాతిబెంచీ మీద కూలబడ్డాడు.

"ఈ బెంచీని పటంలో పెట్టింది నేనే. ఆరడుగులు. ఇదొక్కటి తెలుసు నాకు" అన్నాడు. ఐదుకి నాలుగు నిమిషాలుంది. ఆయన మొహం చూస్తే ఆటపట్టించాలనిపించలేదు. పాపం అనిపించింది.

అప్పుడే రెండో సందులోంచి వదిన వచ్చింది, మెడలో కొలతల టేపుతో.

"ఎడమవైపు తిరగమన్నాను. కూర్చోమన్నానా?"

అన్నయ్య లేచాడు. "గొడుగు తెలిసింది. మెట్లు తెలిశాయి. నువ్వు ఏడ్చిన చోటు నాకు తెలీదు. చూపించు."

వదిన బెంచీ వైపు వేలు చూపించింది.

"ఇక్కడే. మా అమ్మ రిపోర్టు పట్టుకుని కూర్చున్నాను. మీరు ఆ పక్క రోడ్డు కొలుస్తున్నారు. పిలిచాను. మీరు కాగితంలోంచి తల కూడా ఎత్తలేదు. కొలతకి అడ్డమని పక్కకి జరగమని చెయ్యి ఊపారు."

"అది నువ్వా?"

"జరిగాను కూడా."

అన్నయ్య మళ్లీ బెంచీ మీద కూర్చుని, ఈసారి తనే ఒక పక్కకి జరిగాడు. వదిన వచ్చి పక్కన కూర్చుంది. నేను ల్యాబు గోడ మీది బోర్డు శ్రద్ధగా చదవడం మొదలుపెట్టాను.

బోర్డు ఆఖరి వరుసకి వచ్చేసరికి అన్నయ్య గొంతు వినిపించింది.

"మరి కుట్టుమిషను?"

"ఉన్నచోటే ఉండనివ్వండి" అంది వదిన లేస్తూ. "పదండి, ఇంటికి దారి నేను చెబుతాను."