అదిగో, అక్కడే

ఏటి మూడో రేవు దగ్గర మాలిసెబో లంగా మోకాళ్ల పైకి దోపుకుని, సంచి నెత్తిన పెట్టుకుని నీళ్లలోకి దిగింది. సంచిలో తనదీ కలిపి పదకొండుమంది రోగుల చీటీ పుస్తకాలున్నాయి. నెలకు రెండుసార్లు ఆ పుస్తకాలు పట్టుకుని లోయ అవతలి ఆస్పత్రికి వెళ్లడం, వాళ్ల మందులు తీసుకుని తన ఊరు హా సెఫాకోకి తిరిగి రావడం ఆమె పని. పంతొమ్మిదేళ్లుగా ఊరి ఆరోగ్య కార్యకర్త అంటే ఆమే.

పొట్టి మనిషి. భుజాలు మాత్రం బరువులు మోసే మగవాడివిలా వెడల్పు. ఎడమ కనురెప్ప కాస్త వాలి ఉండటంతో ఎప్పుడూ ఎవరినో అనుమానంగా చూస్తున్నట్టుండేది. అరవై ఒకటో ఏడు నడుస్తోంది. ఈమధ్య చీలమండలు ఉబ్బి, వేలితో నొక్కితే గుంట పడి చాలాసేపటికి గానీ పూడటం లేదు. బూడిదరంగు కంబళిని గుండెల మీద పిన్నుతో బిగించి, రెండు చేతులూ వీపు వెనక కట్టుకుని, ముందుకు వంగి నడిచేది.

అవతలి గట్టున ఒకతను గాడిదల మీద ఉన్ని మూటలు వేసుకుని ఎదురొచ్చాడు. కొత్త మనిషి.

"హా సెఫాకో ఇంకెంత దూరం అమ్మా?"

"అదిగో, అక్కడే నాయనా. ఆ కొండ మలుపు తిరిగితే వచ్చేసినట్టే."

అతను సంతోషంగా గాడిదలను అదిలించాడు. పది అడుగులు వేశాక మాలిసెబో ఆగిపోయింది. తన నోటి మీద తనే ఒక్కటి వేసుకుంది.

ఆ కొండల్లో దారి అడిగినవాడికి దూరం చెప్పరు. దూరమని చెబితే వాడి కాళ్లలో సత్తువ తీసేసినట్టేనని నమ్మకం. మూడు గంటల దారైనా, పూట దారైనా గడ్డంతో అటు చూపించి "అక్కడే" అంటారు. అది మర్యాద. ఆ మర్యాదే తన ఊరి కొంప ముంచిందని మాలిసెబోకి తెలిసి ఏడాదైంది.

అంతకు రెండు మూడు నెలల ముందు కెనువే అనే అమ్మాయి ఊళ్లోకి వచ్చింది. వాళ్ల ఇంట్లో విశ్వవిద్యాలయం గడప తొక్కిన మొదటి మనిషి ఆమే. వైద్యం ఎవరికి అందుతోంది, ఎవరికి అందటం లేదు అని పరిశోధించే చిన్న బృందంలో పని. మిగతావాళ్లలా ప్రశ్నలు రాసుకుని రాలేదు. ఆడవాళ్లను కూర్చోబెట్టి, "మీకేం తెలుసుకోవాలనుంది?" అని అడిగింది. అందరిదీ ఒకటే ప్రశ్న. ఆస్పత్రికి రెండు గంటల కంటే దూరమున్న ఊళ్లకు నర్సుతో సహా ఆరోగ్య కేంద్రం కడతామన్నారు కదా, ఆ జాబితాలో మా ఊరెందుకు లేదు?

కెనువే జిల్లా కార్యాలయం చుట్టూ రెండు నెలలు తిరిగి, పాత సర్వే కాగితం నకలు సంపాదించి, అందరి ముందూ చదివింది. 'ఆస్పత్రికి పట్టే సమయం: అరగంట. చెప్పినవారు: మాలిసెబో, ఆరోగ్య కార్యకర్త.'

"నువ్వేనా తల్లీ!" అంది పక్కింటి మామొఖెలె.

మాలిసెబోకి గుర్తొచ్చింది. సన్నగా వాన పడుతోంది. సర్వేకొచ్చిన పిల్ల పలచటి చెప్పులతో వణుకుతూ ఆస్పత్రి ఎంత దూరమని అడిగింది. ఆ పిల్ల తిరిగి అదే దారిన నడిచి వెళ్లాలి. జాలేసింది. ఎదుటి కొండ మీద తెల్లగా కనిపిస్తున్న ఆస్పత్రి వైపు గడ్డంతో చూపించి, "అదిగో, అక్కడే తల్లీ, అరగంట" అంది. అదే దారిలో కన్నకూతుర్ని పోగొట్టుకున్న మనిషే ఆ మాటంది.

మూడోరోజు కెనువే దగ్గర గడియారం అడిగి తీసుకుంది. ఆ ఏడాదంతా నిండు చూలాళ్లు, దగ్గు రోగులు, గని పని చేసొచ్చి ఊపిరి అందని ముసలివాళ్లు ఎవరు బయల్దేరినా వెంట నడిచింది. ఎంతసేపు పట్టిందో, ఎక్కడెక్కడ కూలబడ్డారో, ఎవరు సగంలో వెనక్కి తిరిగారో అన్నీ నోటుపుస్తకంలో రాసింది. జాబితా ఖరారు చేయడానికి జిల్లా అధికారులు ఈరోజే ఆస్పత్రికి వస్తున్నారు. మళ్లీ అయిదేళ్లకు గానీ తెరవరు.

ఆస్పత్రిలో నర్సమ్మ పది పొట్లాలు కట్టింది.

"నీ రక్తపోటు మాత్రలు ఈసారి కూడా రాలేదమ్మా. మూడో విడత ఇది. కాసేపు కూర్చో, ముఖం అదోలా ఉంది."

"నా ముఖం పుట్టినప్పట్నుంచీ అదోలానే ఉంది. వాళ్లొచ్చారా?"

వచ్చారు. ఆస్పత్రి ముంగిట బల్ల మీద పటం పరిచి ఉంది. అధికారి ఫకిసో నలభై ఏళ్ల మనిషి, బొద్దుగా, మర్యాదగా ఉన్నాడు. కాళ్లకు మెరిసే నల్లబూట్లు. కెనువే అందించిన నోటుపుస్తకాన్ని ఓపిగ్గానే తిరగేశాడు.

"మీ కష్టం అర్థమైందమ్మా. కానీ పటం చూడండి. ఇక్కడికీ మీ ఊరికీ నాలుగు కిలోమీటర్లు. పైగా మీరే అరగంటని చెప్పారు."

"చెప్పాను. తప్పు చెప్పాను. ఇప్పుడు సరిదిద్దుతున్నాను."

"ఇలా సరిదిద్దుకుంటూ పోతే ప్రతి ఊరూ దూరమే అవుతుంది కదమ్మా."

మాలిసెబో పటం మీద గీసిన గీత మీద వేలు పెట్టింది. "ఈ గీత లోయ మీంచి పోతోంది నాయనా. కాకి పోయే దారి ఇది. మా ఊళ్లో ఏ కాకీ ఇంతవరకూ నీళ్లోసుకోలేదు."

చుట్టూ మూగిన జనం గొల్లున నవ్వారు. ఫకిసో కూడా నవ్వాడు.

"నవ్వావు, సంతోషం. అరగంటే కదా, నాతో నడువు. అరగంటలో ఊరు చేరితే ఆ పుస్తకం నా చేత్తోనే పొయ్యిలో పెడతాను. చేరకపోతే నీ కాగితం మీద నువ్వే దిద్దు."

"అమ్మా, నాకు మధ్యాహ్నం ఇంకో సమావేశం..."

"అరగంట పోవడానికి, అరగంట రావడానికి. సమావేశానికి అందుకుంటావు. అందుకోలేనని భయమైతే ఆ మాటే కాగితం మీద రాసెయ్."

అంతమంది ముందు ఆయన లేవక తప్పలేదు. వెంట బయల్దేరుతూ కెనువే గడియారం చూసింది. పదకొండు గంటలు.

దిగుడు దారి బాగానే సాగింది. మొదటి గంటలో ఫకిసో వాళ్లమ్మ గురించి, వాళ్లూరి గురించి చెప్పాడు. రెండో గంటలో అడుగు చూసుకుంటూ నడవడమే సరిపోయింది. మూడో రేవు దగ్గర బూట్లు చేత్తో పట్టుకొమ్మంటే వినలేదు. రాయి మీద కాలు జారి నడుములోతు నీళ్లలో కూర్చున్నాడు. పైకి లేపేసరికి కుడికాలి బూటు అడుగు ఊడి నోరు తెరిచింది. కంబళి అంచు చించి మాలిసెబో దాన్ని కట్టింది.

ఎక్కుడు సగానికొచ్చాక బల్లపరుపుగా ఒక రాయి ఉంది. ఆయన రొప్పుతూ దాని మీద కూలబడ్డాడు. మాలిసెబో నిలబడే ఉంది. ఆమె పెదవులు నీలం తిరిగాయి. కెనువే భయపడి చెయ్యి పట్టుకుంటే విదిలించుకుంది.

"ఆ రాయి మీదే నా లిసెబో పోయింది" అంది మామూలు గొంతుతో. "బిడ్డ అడ్డం తిరిగింది. ఎనిమిదేళ్లయింది. లిసెబో తల్లిని కాబట్టే నన్ను మాలిసెబో అంటారు. పిల్ల పోయినా పేరు మిగిలింది."

ఫకిసో చప్పున లేచాడు.

"లేవకు. కూర్చో. రాయేం చేసింది పాపం?"

ఆయన మళ్లీ కూర్చున్నాడు. ఊపిరి కూడదీసుకుని తలెత్తాడు. ముఖమంతా చెమట, కుడికాలి నుంచి నెత్తురు. ఎవరైనా అడిగే మాటే అడిగాడు.

"ఇంకెంత దూరం అమ్మా?"

అలవాటు కొద్దీ మాలిసెబో గడ్డం పైకి లేచింది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. అరవై ఏళ్లుగా వాళ్లమ్మ, వాళ్లమ్మమ్మ, ఊరంతా పలికిన మాట. దాన్ని మింగి, గడ్డం దించి, ఆయన కళ్లలోకి చూసింది.

"దూరం నాయనా. చాలా దూరం. నువ్వు అనుకున్నదానికంటే దూరం. లే."

ఊరు చేరేసరికి మూడుంపావు. మాలిసెబో ఇంటి ముందు రాతి గోడ మీద కూర్చుని ఫకిసో తడిసిన కాగితం తీశాడు. 'అరగంట' కొట్టేసి, 'నాలుగుంపావు గంటలు. స్వయంగా నడిచాను' అని రాసి, సంతకం చేసి, వేలిముద్ర కూడా వేశాడు.

"పైవాళ్లు ఒప్పుకోకపోతే?" అంది కెనువే.

"వాళ్లనీ తీసుకురండి" అంది మాలిసెబో. "నేనే నడిపిస్తాను."

చీకటి పడేలోగా చేరాలని ఊరిపెద్ద వాళ్లిద్దరికీ రెండు గుర్రాలిచ్చి పంపించాడు. ఊడిన బూటును గోడ మీదే ఆరడానికి ఉంచి, ఫకిసో కాళ్లకు పెద్దాయన రబ్బరు బూట్లు తొడిగారు. వాళ్లు కొండ మలుపు తిరిగేదాకా చూసి, మాలిసెబో సంచి భుజాన వేసుకుని ఇంటింటికీ వెళ్లింది. ఏ పొట్లం ఎవరిదో చెప్పింది, నీళ్లు తెప్పించి ఎదురుగానే మాత్ర మింగించింది, మొన్నటి మాత్ర మరిచిపోయిన ముసలాయన్ని గట్టిగా తిట్టింది. పదో ఇంట్లో మొక్కజొన్న సంకటి తిని వెళ్లమంటే, ఆకలి లేదంది.

ఎండ ఇంకా గోడ మీద ఉండగానే వచ్చి కూర్చుంది. వెచ్చటి రాళ్లకు వీపు ఆనించింది. మామొఖెలె అటుగా పోతూ, "ఏమే, ఆ లావాటాయన్ని చంపకుండానే పంపించావుటే?" అని నవ్వుతూ అడిగింది. జవాబు రాలేదు. కునికిందనుకుని కూరాకు కోసుకొచ్చేదాకా ఊరుకుంది. తిరిగొచ్చి భుజం మీద చెయ్యి వేసింది. చెయ్యి అలాగే ఉంచి, మెల్లగా పక్కనే కూర్చుంది.

శనివారం మట్టి చేశారు. కెనువే దారంతా నడిచే వచ్చింది. దిద్దిన కాగితం నకలు, దాంతోపాటు మాలిసెబోకి మూడు విడతలు అందని మాత్రల లెక్క పట్టుకుని పెద్ద కార్యాలయానికి పోతానంది. హా సెఫాకో ఆడవాళ్లు పద్నాలుగుమంది మేమూ వస్తామన్నారు. ఆ కార్యాలయం చుట్టూ ఇంకా తిరుగుతూనే ఉన్నారు.

ఇప్పుడు ఆ ఊళ్లో ఎవరైనా కొత్తవాళ్లు ఆస్పత్రి ఎంత దూరమని అడిగితే, ఎవరూ గడ్డంతో ఎదుటి కొండను చూపించరు. చెయ్యి పట్టుకుని ఆ రాతి గోడ దగ్గరికి తీసుకుపోతారు. గోడ మీద, ఆరడానికి పెట్టిన చోటే, కుడికాలి నల్లబూటు ఒకటి ఉంది. మెరుపు పోయి, తోలు బిర్రబిగిసి, కంబళి పీలిక వదులై, అడుగు ఊడి నోరు తెరుచుకుని.