పోటు వచ్చేలోగా

మిషను మళ్లీ ఆగిపోయింది.

సాంబశివరావు తాడు లాగాడు. బుర్రుమని అంటుకుంది. ఎగిరింది, తగ్గింది, మళ్లీ ఎగిరింది. రెండు దగ్గులు దగ్గి చచ్చింది.

"అన్నయ్యా, అది రంపం మిషనా, ఆయాసం పేషెంటా?" అంది రూతు, కట్ట మీద గొంతుక్కూర్చుని.

"నోరు ముయ్యి రూతమ్మా. నీ చేను కూడా దీని మీదే ఆధారపడి ఉంది."

"అందుకేగా, అది దగ్గినప్పుడల్లా నా గుండె ఆగుతోంది."

గాలివాన వెళ్లిపోయింది గానీ పోతూ పోతూ పని చేసి పోయింది. రేపల్లె దిగువన మురుగు కాలవ కట్ట మీదున్న నిద్రగన్నేరు వేళ్లతో సహా లేచి కాలవకి అడ్డంగా పడింది. పైనుంచి కొట్టుకొచ్చిన గుర్రపుడెక్క అంతా ఆ మానుకి ఆనుకుని పరుపులా పేరుకుంది. దాని వెనక నీళ్లు నిలిచి, నిండి, తూముల్లోంచి ఎదురు తన్ని చేలల్లోకి వచ్చేశాయి. సాంబశివరావు చేను, దాన్నానుకుని రూతు కౌలుకి చేసే చేను, వెనక మరికొన్ని. అన్నీ కోతకొచ్చినవే. వరి చాపలా పడుకుంది, వెన్నులు నీళ్లలో నానుతున్నాయి. నిన్నంతా నానాయి. ఇవాళ కూడా నీరు దిగకపోతే గింజ గింజకీ తెల్లటి మొలక వస్తుంది. ఆ తర్వాత దాన్ని కోసినా ఒకటే, పశువుల్ని తోలినా ఒకటే.

ఇంకో చిక్కుంది. ఆ కాలవ పోయి పడేది సముద్రంలో. పాటు ఉన్నంతసేపే, అంటే సముద్రం వెనక్కి తగ్గుతున్నంతసేపే నీరు లాగుతుంది. పొద్దు నడినెత్తి మీంచి కాస్త వాలిందంటే పోటు మొదలు. ఇక అప్పుడు చెట్టు తీసినా చుక్క కదలదు. మళ్లీ పాటు వచ్చేది చీకటి పడ్డాకే. అందాకా గింజ ఆగదు.

జేసీబీ అతను రోడ్ల మీద పడ్డ చెట్లే తెమలట్లేదన్నాడు. వచ్చినా నానిపోయిన ఆ కట్ట దాని బరువు మొయ్యదు. పొద్దున్నే చుట్టుపక్కల చేలవాళ్లు వచ్చి గొడ్డళ్లతో కొమ్మలన్నీ నరికి పారేశారు. మాను మాత్రం సగం నీళ్లలో ఉంది. గొడ్డలి వేస్తే నీళ్లు మొహాన కొడుతున్నాయి గానీ దెబ్బ దిగట్లేదు. వాళ్లంతా ఎవరి గట్లు వాళ్లు చూసుకోడానికి పోయారు. మిగిలింది సాంబశివరావు, అతని భార్య విశాలాక్షి, రూతు, ఆ మిషనూ.

అది బాపట్ల పక్కన సరుగుడు తోటలు కొట్టించే ఆసామి దగ్గర కొన్న పాత మిషను. ఒకప్పుడు నారింజ రంగు. దసరా దాకా చెప్పిన మాట వినేది. ఆ తర్వాత నుంచే దీనికేదో పట్టుకుంది. రైజు చేస్తే ఊగుతుంది, వదిలేస్తే పడుకుంటుంది.

తెనాలిలో స్ప్రేయర్లూ రంపాలూ బాగుచేసే నాసిర్‌కి ఫోన్ చేశాడు సాంబశివరావు.

"నా షాపులో మోకాళ్ల లోతు నీళ్లున్నాయన్నా. ముందు ప్లగ్గు తీసి చూడు. తడిగా ఉందా, పొడిగా ఉందా?"

"పొడిగా ఉంది."

"అయితే పెట్రోలు అందట్లేదు. గాలి జాలీ దులుపు. ట్యాంకులో పైపు చివర చిన్న ఫిల్టరుంటుంది, తీగ పెట్టి లాగి కడుగు. ఆ పెట్రోలు ఎప్పటిది?"

"స్ప్రేయరుకి కలిపింది మిగిలితే పోశా."

"వద్దన్నా, పారబొయ్యి. కొత్తది కలుపు. అప్పటికీ కాకపోతే పక్కన సన్న స్క్రూ ఉంటుంది చూడు, దాన్ని..."

అక్కడితో సిగ్నల్ పోయింది. ఎంత చెయ్యెత్తి పట్టుకున్నా రాలేదు.

సాంబశివరావు ఒక్కోటీ చేశాడు. జాలీని పళ్ల బ్రష్షుతో దులిపి, మూత తీసి పెట్రోలు చూసుకుని, బిగించి లాగాడు. నడిచింది. మాను మీద పెట్టేసరికి ఊగి ఆగింది. మూత తీసి ఫిల్టరు లాగి కడిగాడు. నడిచింది. పొట్టు కాస్త ఎగిరి, ఆగింది. విశాలాక్షి బండి మీద పోయి భట్టిప్రోలు బంకు నుంచి కొత్త పెట్రోలు తెచ్చింది. ఆ బంకు తెరిచి ఉండటమే పెద్ద అదృష్టం. కొత్త పెట్రోలు పోస్తే ఇంకాస్త ఎక్కువే నడిచింది. మాను బెరడు తెగి తెల్లటి చెక్క కనిపించింది. "అదిగో!" అని రూతు లేచి నిలబడేసరికి దగ్గు మొదలు.

ఏది చేసినా మొదట నయమైనట్టే ఉంటోంది. అదే పిచ్చెక్కిస్తోంది.

స్క్రూ లోపలికి తిప్పాడు, బయటికి తిప్పాడు, అసలు మొదట ఎక్కడుందో మర్చిపోయాడు. బిగిస్తే ఊరికే ఉన్నప్పుడు కూడా రంపం గొలుసు గిరగిరా తిరుగుతోంది, వదులు చేస్తే ఊపిరే లేదు.

రూతు చెట్టుకి దిగువన కాలవలోకి గడ్డిపరక వేసి చూస్తోంది. నిమిషానికోసారి వేస్తోంది.

"ఇంకా కిందికే పోతోంది. కానీ ఇందాకటి జోరు లేదు."

"నన్ను కంగారు పెట్టకు."

"నేనేం పెట్టా? పెట్టేది సముద్రం."

సాంబశివరావు జేబులోంచి కుంకుమ పొట్లం తీశాడు. ట్యాంకు మూతని లుంగీ అంచుతో తుడిచి, చిన్న డబ్బాలోంచి మైనం గిల్లి మూత నడిమధ్య రుద్ది, దాని మీద కుంకుమ అద్దాడు. దసరా నాడు మిషనుకి పూజ చేసినప్పుడు, నూనె ఓడే మూత మీద బొట్టు నిలవట్లేదని అతను విశాలాక్షి అద్దం దగ్గర్నుంచి పట్టుకొచ్చిన మైనం డబ్బా అది. మైనం మీద పెడితే వానకి కూడా చెదరదు. అప్పట్నుంచీ మిషను మొరాయించినప్పుడల్లా పాత బొట్టు మీద కొత్త బొట్టు.

"నా మొహాన ఇన్నిసార్లు పెట్టి ఉంటే ఈపాటికి అమ్మోరినైపోదును," అంది విశాలాక్షి.

"నువ్వు ఆగకుండా నడుస్తావు. దీనికే అవసరం."

"మా ఆయన బండికి ప్రార్థన చేయిస్తాడు గానీ ఇలా పూత వెయ్యడు వదినా," అంది రూతు.

తాడు లాగాడు. అంటుకుంది. గొలుసు తిరిగే బారు మాను మీద పెట్టాడు, పొట్టు ఎగిరింది, ఊగింది, ఆగింది. మిషను కట్ట మీద పెట్టి, రెండు చేతుల్తో తల పట్టుకున్నాడు. అరచేతిలో పొక్కు చితికి రక్తం కారుతోంది. మళ్లీ తనే మూత తిప్పాడు, పెట్రోలు చూద్దామని.

ఉస్సుమంది.

"ఆగండి," అంది విశాలాక్షి. "ఏంటది?"

"గాలి."

"లోపలికి పోయిందా, బయటికొచ్చిందా?"

"నాకేం తెలుసే? గాలికి పేరుందా, ఊరుందా?"

"మళ్లీ బిగించి స్టార్ట్ చెయ్యండి. ఆగాక తియ్యండి."

చేశాడు. ఆగింది. ఆవిడ తడి వేలు మూత అంచున ఆనించి పట్టుకుంది. అతను తిప్పాడు. ఉస్సు.

"లోపలికి పీలుస్తోంది," అంది. "నూనె డబ్బాకి ఒక్కటే చిల్లు పెడితే నూనె దిగుతుందా? గుటకేసి ఆగుతుంది. రెండో పక్క ఇంకోటి పెడితేనే ధార. దీనికి ఆ రెండో చిల్లు ఎక్కడుంది?"

సాంబశివరావు మూత తిరగేశాడు. లోపలివైపు నడిమధ్య సూది మోపినంత చిల్లు. పైకి తిప్పాడు. సరిగ్గా అక్కడే బొట్టు. కింద గడ్డకట్టి నల్లబడ్డ పాత పొరలు, పైన ఎర్రగా ఇప్పటిది.

మూత తీసినప్పుడల్లా గాలి లోపలికి పోయి మిషను కాసేపు నడుస్తోంది. నడిచిన మిషను ఆగగానే తను దాని ముక్కు ఇంకాస్త మూస్తున్నాడు.

ముగ్గురూ మూత వంక చూశారు.

"పిన్నీసివ్వు," అన్నాడు.

విశాలాక్షి గాజుకున్న పిన్నీసు తీసి ఇచ్చింది. మైనం చొక్కా బొత్తాంలా ఒక్క ముక్కగా ఊడొచ్చింది. చిల్లులో పిన్నీసు పెట్టి పొడిచి, నోటితో ఊది, అవతలివైపు గాలి తగిలిందాకా ఊది, మూత బిగించాడు.

"ఇప్పుడు చెంపలేసుకోవాలేమో," అన్నాడు గొణుక్కుంటూ.

"సాయంత్రం వేసుకుందురు గానీ. లాగండి."

అంటుకుంది. అతను నమ్మక, స్క్రూ కాస్త అటూ ఇటూ తిప్పి వదిలేసి నిలబడ్డాడు. గొలుసు కదలకుండా, గుర్రు గుర్రుమంటూ ఒకే గొంతుతో ఉంది. చాలాసేపు ఉంది. ఇంకా ఉంది.

"పరక మెల్లగా పోతోందన్నయ్యా!"

మాను మీదికెక్కాడు. ఒక కాలు కట్ట మీద, ఒక కాలు మాను మీద. రంపం దిగింది. తడి పొట్టు మొహానికీ గుండెలకీ కొడుతోంది. కోత లోపలికి పోతున్న కొద్దీ వెనకున్న నీళ్ల బరువు మాను మీద పడి ఎక్కడో కిర్రుమంటోంది. పావు తెగింది. సగం తెగింది. ఇంకాస్త. రంపం నీళ్లు తాకి పొగలాంటి తుంపర లేచింది.

అప్పుడు మాను కుంగింది. కోత నోరు మూసుకుని బారుని కరిచి పట్టుకుంది. సాంబశివరావు వెనక్కి లాగాడు. రాలేదు. పైకి లాగాడు. మిషను చేతుల్లో మొత్తుకుంటోంది గానీ ఆగట్లేదు.

"పరక ఆగింది!" అని అరిచింది రూతు.

"వదిలెయ్యండి దాన్ని!"

"ఆగవే, కొంచెం..."

"వదిలెయ్యమంటుంటే!"

విశాలాక్షి అతని చొక్కా వెనకనుంచి దొరకబుచ్చుకుని బలమంతా పెట్టి లాగింది. ఇద్దరూ కట్ట మీద బురదలో వెల్లకిలా పడ్డారు. ఫెళ్లుమంది. మాను రెండయి, అవతలి ముక్క కాలవ మధ్యకి తిరిగింది. దాని వెనకున్న గుర్రపుడెక్క పరుపంతా ఒక్కసారి కదిలింది. మానుతో పాటు మిషనూ వెళ్లింది. వెళ్తూ కూడా నడుస్తూనే ఉంది. నీళ్లు మింగేదాకా ఆగలేదు.

సాంబశివరావు లేచి కూర్చుని, అది మునిగిన చోటు వంక చూస్తూ ఉండిపోయాడు. బాగయ్యాక అది నడిచింది ఆ కాసేపే.

"చూపులు తర్వాత," అంది విశాలాక్షి, చీర కుచ్చిళ్లు దోపుకుంటూ. "తూము చూడండి."

తూము గుడగుడలాడుతోంది. చేలో నీళ్లు కాలవలోకి దూకుతున్నాయి. సముద్రం దగ్గర లాగుడు ఆగినా, చెట్టు వెనక ఇంత ఎత్తున నిలిచిన నీరు ఇప్పుడు కిందికి పరుచుకుంటోంది. కాలవ మట్టం తగ్గుతోంది. ఎంతసేపు తగ్గుతుందో ఎవరూ చెప్పలేరు. పోటు వచ్చి కాలవ మళ్లీ ఎక్కితే ఇదే తూము చేలోకి ఉప్పునీళ్లు తెస్తుంది. ముందే మూస్తే ఉన్న నీరు ఉండిపోతుంది. ఆలస్యంగా మూస్తే కొత్త నీరు వస్తుంది.

రూతు తన తూము దగ్గరికి పరిగెత్తింది. సాంబశివరావు గడ్డిమోపు, బురద గడ్డలు తెచ్చి పక్కన పెట్టుకుని, తూము నోట్లో కాళ్లు పెట్టి కూర్చున్నాడు. పిక్కల మీదుగా నీళ్లు బయటికి పోతున్నాయి. కళ్లతో చూస్తే మోసపోతాం, చర్మానికే తెలుస్తుంది.

విశాలాక్షి చేలోకి దిగింది. పడ్డ వరిని నాలుగేసి కుదుళ్లు చేరదీసి, వాటి ఆకులతోనే ముడేసి నిలబెడుతోంది.

"వెన్నులు పైకొస్తున్నాయి!" అని అరిచింది. "మూస్తున్నారా?"

"లేదు. ఇంకా పోతోంది."

"ఇప్పుడో?"

"పోతోంది."

జోరు తగ్గింది. పిక్కల మీద నీళ్లు ఎటూ కాకుండా నిలబడ్డాయి. ఎడమకాలికి మొదట తెలిసింది, చల్లగా, కాలవ వైపు నుంచి. అతను గడ్డిమోపు తూము నోట్లోకి కుక్కి, బురద గడ్డలు ఒకదాని మీద ఒకటి వేసి, మడమతో తొక్కి తొక్కి బిగించాడు. అటుపక్క నీళ్లు వచ్చి ఆనుకున్నాయి. ఇటుపక్క చేలో చీలమండ లోతు మిగిలింది.

అతను చేలోకి నడిచేసరికి విశాలాక్షి ఒక వెన్ను దూసి, గింజలు అరచేతిలో నలుపుతూ కళ్ల దగ్గరికి పెట్టుకుని చూస్తోంది. ఒకటి పంటి కింద వేసి కొరికింది.

"లేదు," అంది.

"ఏంటి లేదు?"

"మొలక. ఇంకా లేదు. అటునుంచి మీరు కుదుళ్లు కట్టుకుంటూ రండి."