తొమ్మిదో ముక్క

పోయేది ఎలాగూ పోతుంది, ఆ కరెంటేదో మిషన్ మీద ఇంకో రెండు వరుసలు పడ్డాక పోతే దాని సొమ్మేం పోయింది, సింగరేణిలో బొగ్గు తీయడం ఆపితే మియాపూర్‌లో నా కుట్టు ఆగాలా, ఆగాలట, సకల జనుల సమ్మె కదా, ఆ సకల జనుల్లో నేనున్నానో లేనో ఎవర్ని అడగాలి, ప్రశాంతినే అడగాలి కాబోలు, నిన్న చర్చిలో తేల్చేసింది ఆమే కదా, స్త్రీల కూడిక అయ్యాక అందరం టీ తాగుతుంటే అంతమందిలో నా మొహం చూడకుండా అన్నది, మీరొచ్చి కూసున్నంకనే మా పిల్లలకు కొలువులు లేకుంటయినయి, ఎవరమ్మా వచ్చి కూర్చున్నది, మా నాన్న నరసాపురం నుంచి బాలానగర్ ఫ్యాక్టరీ పనికి వచ్చేనాటికి నేను పుట్టనే లేదు, పుట్టింది ఇక్కడి దవాఖానలో, చదివింది ఇక్కడి బడిలో, నేను ఎక్కడి నుంచి వచ్చానట, ఎక్కడికి పొమ్మంటుంది, పోనీ చేత్తోనే కుడతాను, సూదికైతే సమ్మె లేదు.

కోత పండుగకి పాస్టరు గారి కుర్చీ దిండుకి గలీబు, తొమ్మిది ఇళ్ల నుంచి తొమ్మిది గుడ్డముక్కలు, వరుసకి మూడు, వాటి కింద పల్చగా పరిచిన దూది, దాని కింద అస్తరు, మూడూ కలిసేలా దగ్గర దగ్గరగా కుట్లు పడాలి, దుకాణంలో గుడ్డ కొంటే ఒక పూటలో తేలిపోయేది, పుణ్యవతమ్మ గారు ఒప్పుకుంటేనా, కూడికలో అందరికన్నా పెద్దావిడ, కొత్త గుడ్డ పనికిరాదమ్మాయ్, ఇంట్లో మనిషి చెమట తగిలినదే తేవాలి, అదీ కానుకంటే, అన్నారు, పాస్టరు గారు దాని మీద ప్రసంగం కూడా చేసేశారు, ఎన్ని రంగుల ముక్కలైనా ప్రభువు చేతిలో ఒక్కటవుతాయని, ఆయనకేం, కుట్టేది ఆయన కాదుగా, ఒక్కటి కావడానికి ఎన్ని పోట్లు పడాలో సూది పట్టినవాళ్లకి తెలుస్తుంది, ఎనిమిది ముక్కలు అయ్యాయి, అందులో మా ఆయన దేవరాజు లుంగీ ముక్కొకటి, మిగిలింది ప్రశాంతి ఇచ్చిన ఈ లేతనీలం చొక్కా, వాళ్ల తమ్ముడు బెన్నీది, ఇంటర్వ్యూ కోసమని కొన్నది, నిన్న అంత మాట అని, వెళ్లేటప్పుడు మళ్లీ కవరులో పెట్టి నా చేతికే ఇచ్చింది, గిది తీస్కో అక్కా, వాడు ఇగ తొడగడట, అని, ఆ అక్కా అనడానికి నోరెలా వచ్చిందో, పన్నెండేళ్లుగా పక్క వాటాలో ఉంటున్నాం, నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు పది రోజులు జావ కాచి తాగించింది ఈమేనా.

వేయను, ఈ చొక్కా ముక్క వేయనుగాక వేయను, దేవరాజు లుంగీలోంచే ఇంకోటి కత్తిరించి పెడతాను, అడిగితే చొక్కా గుడ్డ నిలవలేదంటాను, మూడు నెలలు, ప్రతి శనివారం, ఈ సోఫాలోనే కూర్చోబెట్టి నేర్పాను వాడికి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలి, ఎవరి వైపు చూసి మాట్లాడాలి, నీ గురించి చెప్పమంటే జనగామలో మొదలుపెట్టి మేనమామ కొడుకుల దాకా పోకూడదురా అని, వాడు నవ్వేవాడు, మరి వాళ్లు గూడ మనోళ్లే గద అక్కా, అని, వాడి రెజ్యూమె నేనే మోసుకెళ్లి మా మేనేజరు ఉదయ్ భాస్కర్ గారి చేతిలో పెట్టాను, ఈ రోజుల్లో ఎవరు చేస్తారు, అయ్యో పాపం అంటే ఆర్నెల్ల పాపం చుట్టుకున్నట్టు ఇప్పుడు నేనే కొలువులు మింగినదాన్నయ్యాను, వాడికి రాకపోతే నా తప్పా, పరీక్ష బాగానే రాశాడు, ఆ రోజు వచ్చిన పదకొండు మందిలో వాడిదే పైమార్కు, మరెందుకు రాలేదు, ఎందుకో రాలేదు, అన్నిటికీ కారణాలుంటాయా.

ఇంకా దాని మీదే ఉన్నావా, అంటూ దేవరాజు గుమ్మంలో నిలబడ్డాడు, ఒక్క మాటేగా హన్నా, అదీ నిన్ను కాదు, అందర్నీ కలిపి అంది, పుణ్యవతమ్మ గారూ మన వైపు మనిషే, ఆవిడ పట్టించుకోలేదు, నువ్వు చెప్తే విన్నాను, నాకూ ఏమనిపించలేదు, నీకొక్కదానికే ఎందుకింత మండుతోంది, అనేసి టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్లాడు, బాగానే ఉంది, గుమ్మడికాయ దొంగ ఎవరంటే భుజాలు తడుముకునేదాన్నా నేను, ఏం దొంగిలించానని, పన్నులు కట్టడం లేదా, కిరాయి కట్టడం లేదా, సూది చూపుడువేల్లో దిగింది, రక్తం గుడ్డకి అంటకుండా వేలు నోట్లో పెట్టుకున్నాను.

చొక్కా వెనక వైపు మెడ కింద ఇంకా పల్చని చెమట మరక, ఒక్కసారే తొడిగాడు కదా, ఆ రోజుదే అయ్యుంటుంది, ఏసీ గదిలోంచి వచ్చి కూడా తడిసిపోయి ఉన్నాడు, ఖాజాగూడ దాటాక ఉన్న మా ఆఫీసు మెట్ల మీద నాకోసం ఎండలో నిలబడ్డాడు, అక్కా, సార్ మంచిగ మాట్లాడిండు, నీ పేరు చెప్పిన, వస్తదనిపిస్తుంది, అన్నాడు, నాకూ వస్తుందనే అనిపించింది, సాయంత్రం దాకా అనిపించింది, సాయంత్రం ఉదయ్ భాస్కర్ గారు నా సీటు దగ్గరికే వచ్చారు, హన్నా గారూ, కుర్రాడు పరీక్ష బాగా రాశాడండీ, తెచ్చింది మీరు కాబట్టి మీ మాటే, క్లయింటు ముందు కూర్చోబెట్టొచ్చంటారా, అని అడిగారు, కూర్చోబెట్టొచ్చండీ అంటే అయిపోయేది, మంచివాడేనండీ, కాకపోతే ఆ మాట తీరే కొంచెం, అని అక్కడ ఆపి నవ్వాను, ఆయనా నవ్వారు, అర్థమైందండీ, అన్నారు, ఆ నవ్వు మా ఇద్దరిదీ, ఇక్కడి యాస వింటే మా ఇళ్లలో చిన్నప్పటి నుంచీ ఉన్న నవ్వు, వాడి మీద నాకు కోపమా, లేదు, వాడు తడబడితే నా పేరు పోతుందని భయమా, అదీ కాదు, ఆ ఒక్క నిమిషం ఆయన పక్కన ఆయనలాంటిదాన్నై నిలబడటం హాయిగా ఉంది, అంతే, ఇంటికొచ్చి ప్రశాంతితో అన్నాను, ఈసారి పోటీ ఎక్కువగా ఉందట, ఫికర్ చేయకు, అని, ఆమె నమ్మింది, ఇప్పటికీ నమ్ముతూనే ఉంది, నిన్న ఆ మాట అన్నప్పుడు నా మొహం చూడనిది నన్ను ఆ మాటలో కలపడం ఇష్టం లేక, తెలిసుంటే చూసేది, అందరూ అనుకునేదే ఆమె కూడా అన్నది, ఎవరి సంగతో తెలియక అన్నది, మిగతావాళ్ల సంగతి నాకు తెలియదు, బెన్నీ నోటికాడి కూడు లాగేసింది మాత్రం నేనే.