కాటా మీద పాటలు

లారీ ఇంకా కాటా ఎక్కకముందే, టైర్ల ఉబ్బూ కమాను పట్టీల వంపూ చూసి లోపలున్న బరువెంతో చెప్పేయగలడని కాటాయనకి పేరు. అద్దాల గదిలోంచి తల బయటపెట్టి ఒక అంకె అనేవాడు. తర్వాత మిషను తీరిగ్గా అదే అంకె చూపించేది. డ్రైవర్లు అతనితో పందెం కాసి టీలు ఓడిపోయేవాళ్లు. అందుకే ఇంట్లో పాటల రికార్డులకి అర కొనాల్సి వచ్చినప్పుడు అతని భార్య ఇంకెవర్నీ అడగలేదు. బరువులు తెలిసిన మొగుణ్ణి ఎదురుగా పెట్టుకుని ఊరి మీద పడటం దేనికి?

ఆ రికార్డులు ఆమె పెద్దమ్మవి. పెద్దమ్మ బజారులో పాటల దుకాణం నడిపేది. ఈమె చిన్నప్పుడు ఆవిడ పక్కన పీట వేసుకుని, నల్లటి పళ్లాలని మెత్తటి గుడ్డతో తుడుస్తూ పెరిగింది. పెద్దమ్మ పోయేముందు "తుడిచిందానివి నువ్వేగా, నువ్వే ఉంచుకో" అని మొత్తం ఈమెకే అప్పగించింది.

కాటాయన ఒక రికార్డు తీసి అరచేతిలో ఎగరేసినట్టు ఆడించాడు. "విసనకర్రంత కూడా లేదు. దీనికి ఏ అరైనా చాలు."

బావమరిది ఫర్నిచర్ దుకాణంలో వ్యాను తోలుతాడు. రంపపుపొట్టు అదిమి చేసిన పొడవాటి అర ఒకటి తెచ్చి దింపాడు. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఒకటే పలక, పైన మొహం చూసుకుని తల దువ్వుకునేంత నునుపు. పడుకోబెడితే కిందవి వంకరపోతాయని రికార్డులన్నీ నిలబెట్టారు. కొద్దిరోజులకే పలక నడుం వంచింది.

"ఇదేంటండీ, దిగబడుతోంది?" అంది భార్య.

"కొత్త చెక్క. సర్దుకుంటోంది."

ఒక మధ్యాహ్నం అది పూర్తిగా సర్దుకుంది. మేకులు ఊడొచ్చి, పాటలన్నీ వరదలా నేల మీదకొచ్చాయి. చాలావాటికి ఏమీ కాలేదు గానీ, పెద్దమ్మ రోజూ దుకాణం తలుపు తీయగానే మొదట పెట్టే పాతకాలపు పెళుసు రికార్డు రెండు చెక్కలైంది.

భార్య అరిచి ఉంటే కాటాయనకి కాస్త తేలిగ్గా ఉండేది. ఆమె అరవలేదు. ముక్కలు రెండూ కొంగులో వేసుకుని లేచింది. "ఇవన్నీ మా తమ్ముడింటికి పంపించేస్తాను. వాడింట్లో సిమెంటు గూళ్లున్నాయి. ఇక్కడుంటే ఒక్కటీ మిగలదు."

సాయంత్రాలు పాట లేని ఇల్లు ఎలా ఉంటుందో కాటాయన అప్పటిదాకా ఆలోచించలేదు. వద్దందామనుకున్నాడు. ఏ మొహం పెట్టుకుని అంటాడు?

మర్నాడు కాటా గదిలో ఉండగా బావమరిది వ్యాను రోడ్డెక్కి వస్తూ కనిపించింది. కాటాయన అలవాటుగా టైర్ల వంక చూశాడు. చూసినవాడు కుర్చీలోంచి లేచాడు. వెనక టైర్లు పొట్టలు వేసుకుని ఉన్నాయి. కమాన్లు వంపు పోయి చదునయ్యాయి. చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు.

"ఏం లోడురా, సిమెంటా?"

"అక్క పాటలే బావా. అదిగో, అక్క కూడా ఉంది పక్కన."

"పాటలకి బండి ఇంత కుంగుతుందా? కాటా ఎక్కించు."

అక్కాతమ్ముళ్లు దిగారు. ఆ ఖాళీ వ్యాను బరువు కాటాయనకి కంఠతా వచ్చు. మిషను చూపించినదాంట్లోంచి అది తీసేశాడు. మిగిలింది చూసి కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు. అద్దం తలుపు తీసి భార్యని లోపలికి పిలిచాడు.

"చూడవే. బలిసిన దున్నపోతంత. మనం దున్నపోతుని తీసుకెళ్లి అల్మారా ఎక్కించాం."

ఆమె వెలుగుతున్న అంకెల వంక చూసింది. "ఒక్కోటీ ఎత్తి తుడిచాను. మొత్తం ఎప్పుడు ఎత్తాను గనక?" అంది నెమ్మదిగా. "ఒక గొంతూ, రెండు వాయిద్యాలూ. గాల్లో పోయేదే కదా అంతా. ఇంత బరువుంటుందా?"

కాటాయనకీ అదే అబ్బురంగా ఉంది. ఇనుమూ ఇసకా బొగ్గూ తూచిన కాటా మీద, ఎప్పుడో ఎవరో తీసిన రాగాలు తూకానికి నిలబడ్డాయి.

బావమరిది ఊరుకుంటాడా? "అయితే బావా, టైర్లుంటే తప్ప నీ కంటికి బరువు ఆనదన్నమాట. ముందే చెప్తే ఆ అరకి నాలుగు చక్రాలు బిగించేవాణ్ణిగా."

కాటాయన భార్య వైపు తిరిగాడు. "నా కన్ను తప్పింది. ఒక్కసారి కాటాని నమ్ము. ఈసారి అర మీద ముందు ఇంత బరువూ నిలిపి చూసి కొందాం. నిలవకపోతే నేనే దగ్గరుండి మీవాడింట్లో దింపుతాను."

"ఇంకొక్కటి విరిగిందంటే మళ్లీ అడగకూడదు," అందామె.

పెట్టెలు కాటా గదిలో దింపించి, అంతే బరువుకి ఇసక సంచులు తూచి వ్యానెక్కించాడు. దుకాణం దుకాణానికీ తిరిగి, నచ్చిన అర మీదల్లా సంచులు పేర్చి, పలక కింద ఈ చివర నుంచి ఆ చివరకి దారం బిగించి, పలక దిగి దాన్ని నొక్కుతుందేమో చూశాడు. "మీరు కొనడానికొచ్చారా, కూలగొట్టడానికొచ్చారా?" అన్నాడొక దుకాణదారు. రేకు అర వంగింది. ఇంకోటి మందమైన చెక్కే, అయినా పొడవు వల్ల మధ్యలో దిగింది. అప్పుడు భార్య నుదురు చిట్లించింది.

"పెద్దమ్మ దుకాణంలో అడుగు అడుగుకీ ఒక నిలువు చెక్క ఉండేదండీ. పాటలు వెతుక్కోవడానికి గళ్లు చేసిందనుకునేదాన్ని. మోయడానికా అది?"

"మోయడానికే," అన్నాడు కాటాయన. బరువుల పేరెత్తకుండానే పెద్దమ్మ అన్నేళ్లు ఈ దున్నపోతుని మోయించింది.

గట్టి టేకు పలకలు, కురచ గళ్లు, వెనక నిండా చెక్క, గోడలోకి దిగిన బోల్టులు. వడ్రంగి దగ్గర కూర్చుని అలాగే చేయించారు. సంచులు పెట్టి రోజుల తరబడి వదిలేశారు. పలక అడుగున కట్టిన దారం కాస్తయినా కిందకి వంగలేదు. అప్పుడు పెట్టెలు ఇంటికొచ్చాయి.

ఆమె ఒక్కోటీ తుడిచి నిలబెట్టింది. విరిగిన ముక్కల్ని వాటి అట్టలోనే పెట్టి, మొదటి గడిలో మొదట ఉంచింది. తర్వాత ఇంకో రికార్డు తీసి ముల్లు ఆనించింది.

కాటాయన నేల మీద బోర్లా పడుకుని పలక అడుగున దారం చూస్తున్నాడు. పాట మొదలైంది. గది మూలమూలకీ పాకి, కిటికీలోంచి పొంగి వీధిలోకి పోయింది. అంత పెద్దది ఇల్లంతా నిండినా దారం వెంట్రుకవాసి కదలలేదు.

"లేవండి, ఇంకేం చూస్తారు?" అంది భార్య.

"ఉండవే," అన్నాడు. లేవలేదు.